ఇంట్లో ఎవరూ లేరని ఎప్పుడు నమ్మాలి?

మే నెలలో రాత్రి రెండు గంటలకు బెడ్‌రూం ఏసీ దానంతటదే ఆగిపోతే, మెకానిక్‌ని పిలిచే ముందు హోమ్ అసిస్టెంట్‌లో (ఇంట్లోని పరికరాల్ని మనం రాసిన ఆటోమేషన్ల ప్రకారం నడిపే సాఫ్ట్‌వేర్) లాగ్‌బుక్ తెరిచి చూడండి. చాలాసార్లు అక్కడ అందరూ బయటికి వెళ్లినట్టు రాసి ఉంటుంది. నిజానికి ఎవరూ మంచం దిగలేదు. ఫోన్ నిద్రలోకి జారుకుంది, వైఫైకి జవాబివ్వడం మానేసింది, దాన్నిబట్టి ఆటోమేషన్ ఇల్లు ఖాళీ అనుకుంది.

ఫోన్‌నిబట్టి మనిషిని లెక్కగట్టే పద్ధతులన్నిటికీ ఇదే జబ్బు. ఫోన్ కనిపించిందంటే ఫోన్ ఇంట్లో ఉన్నట్టే. కనిపించలేదంటే మాత్రం దానికి పది కారణాలుంటాయి, మనిషి బయటికి వెళ్లడం అందులో ఒకటి. అందుకే 'వచ్చారు' అని ఏ ఒక్క ఆధారం చెప్పినా వెంటనే నమ్మాలి. 'వెళ్లారు' అని అన్నీ కలిసి చెప్పినా కాసేపు ఆగి నమ్మాలి. కింద చెప్పే అమరికంతా ఈ ఒక్క తేడా కోసమే.

వైఫై

ముందు మ్యాక్ అడ్రస్ సంగతి, అంటే వైఫైలో ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్ సంగతి, తేల్చుకోవాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్ తన అసలు మ్యాక్ చూపించదు, ఒక్కో నెట్‌వర్క్ పేరుకి ఒక్కో దొంగ అడ్రస్ తయారుచేసుకుంటుంది. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఒక పేరు, 5కి ఇంకో పేరు పెట్టుకున్న ఇళ్లలో ఒకే ఫోన్ రెండు ఫోన్లుగా కనిపించేది ఇందుకే. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టండి. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మన నెట్‌వర్క్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, ప్రైవసీలో 'యూజ్ డివైస్ మ్యాక్' ఎంచుకోండి. ఐఫోన్‌లో నెట్‌వర్క్ పక్కన 'ఐ' గుర్తు నొక్కితే ప్రైవేట్ వైఫై అడ్రస్ కనిపిస్తుంది. ఐఓఎస్ 18 నుంచి అక్కడ ఆఫ్, ఫిక్స్‌డ్, రొటేటింగ్ అని మూడున్నాయి. ఫిక్స్‌డ్ సరిపోతుంది, రొటేటింగ్ మాత్రం పనికిరాదు.

తర్వాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు పంచే) విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ చేసి ఒక్కో ఫోన్‌కి ఒక్కో స్థిరమైన ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా, ఇవ్వండి. 192.168.1.21, 22, 23 అని వరసగా పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఫైబర్ కుర్రాడు వచ్చి డబ్బా రీసెట్ చేశాడంటే రిజర్వేషన్లన్నీ పోతాయి, అవి పోయాయని ఎవరూ చెప్పరు.

ఇక హోమ్ అసిస్టెంట్‌లో పింగ్ ఇంటిగ్రేషన్ (ఒక్కో ఐపీనీ 'ఉన్నావా?' అని పలకరించి చూసే భాగం) కలిపి ఆ ఐపీలు ఇవ్వాలి. ఫోన్ ఇంట్లో ఉందో లేదో చూపే ట్రాకర్ ఎంటిటీ కనిపించకపోతే డిసేబుల్ అయిన వాటిలో వెతికి ఎనేబుల్ చేయండి. ఆప్షన్లలో 'కన్సిడర్ హోమ్' అని ఒక గడి ఉంటుంది. ఫోన్ జవాబివ్వడం మానేశాక ఎన్ని సెకన్ల వరకు ఇంట్లోనే ఉన్నట్టు లెక్కేయాలన్నది అందులో రాస్తాం. మామూలుగా అక్కడ 180 ఉంటుంది. అది చాలదు. ఆండ్రాయిడ్‌కి 600, ఐఫోన్‌కి 900 పెట్టి మొదలుపెట్టండి. స్క్రీన్ ఆగిన ఐఫోన్ చాలాసేపు పింగ్‌కి పలకదు. అది దాని బ్యాటరీ పొదుపు, లోపం కాదు.

పింగ్ అసలు ఎప్పుడూ పలకకపోతే రెండు చోట్ల చూడండి. ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో, లేదా రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో. ఈ రెండిట్లో ఏదైనా వైఫైలో ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి చూసుకోకుండా చేస్తుంది. కాంక్రీటు గోడల ఫ్లాట్లలో ఇంకోటి కూడా ఉంది: హాల్లో రౌటర్, చివరి బెడ్‌రూంలో ఫోన్ ఉంటే, సిగ్నల్ బలహీనపడగానే ఫోన్ చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ ఆటోమేటిక్ స్విచ్ ఆపేయండి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, మైక్రోటిక్, యూనిఫై, ఒమాడా లాంటి రౌటర్ వ్యవస్థలు వాడేవాళ్లకి పింగ్ అక్కర్లేదు. ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో రౌటర్ జాబితానే హోమ్ అసిస్టెంట్ నేరుగా చదువుతుంది. ఫోన్ పింగ్‌కి పలక్కపోయినా ఆ జాబితాలో ఉంటుంది కాబట్టి అది మేలు. కనెక్షన్‌తో పాటు ఊరికే ఇచ్చే డబ్బాల్లో చాలావాటికి ఈ సదుపాయం ఉండదు.

జీపీఎస్

ఫోన్‌లో హోమ్ అసిస్టెంట్ కంపానియన్ యాప్ వేసి లొకేషన్ ఇస్తే సరిపోతుందనుకుంటారు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అదీ జీపీఎస్ వల్ల కాదు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీ వెనక ఎన్నో ఇళ్లుంటాయి. కాబట్టి బయటి నుంచి ఇంట్లోని హోమ్ అసిస్టెంట్‌ని నేరుగా చేరలేం. యాప్‌లో ఇంటి లోపలి అడ్రస్ ఒక్కటే ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందంటే, ఫోన్ గుమ్మం దాటి వైఫై వదిలిన క్షణం నుంచి 'నేను బయటున్నాను' అని చెప్పే దారే ఉండదు. మనిషి విజయవాడ బందరు రోడ్డు మీద ఉంటాడు, డ్యాష్‌బోర్డు మీద మాత్రం రోజంతా ఇంట్లోనే. దీనికి మూడు దార్లున్నాయి: నెలవారీ చందా కట్టే హోమ్ అసిస్టెంట్ క్లౌడ్, సొంత డొమైన్ (వెబ్ చిరునామా) ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, లేదంటే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (ఫోన్‌నీ ఇంటినీ కలిపే ప్రైవేటు దారి). టెయిల్‌స్కేల్ ఉచితమే గానీ ఫోన్‌లో వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పెద్దవాళ్ల ఫోన్లలో అది ఎప్పుడో ఒకప్పుడు ఆఫ్ అవుతుంది, మళ్లీ ఎవరూ ఆన్ చేయరు. ఇంట్లో అందరి ఫోన్లకీ పెట్టాలంటే మొదటి రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అనుమతి 'అలౌ ఆల్ ది టైమ్' అయి ఉండాలి, ప్రిసైస్ లొకేషన్ ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో మెనూ. రెడ్‌మి, పోకోల్లో యాప్‌కి ఆటోస్టార్ట్ ఇచ్చి బ్యాటరీ సేవర్‌ని 'నో రిస్ట్రిక్షన్స్' చేయాలి. శాంసంగ్‌లో 'నెవర్ స్లీపింగ్ యాప్స్' జాబితాలో చేర్చాలి. ఇవన్నీ చేశాక కూడా మరో మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి కొన్ని నెలలు తెరవని యాప్‌ల అనుమతుల్ని ఫోనే వెనక్కి తీసుకుంటుంది. ఆటోమేషన్ బాగా నడిచే ఇంట్లో ఆ యాప్ ఎవరు తెరుస్తారు? యాప్ ఇన్ఫోలో 'పాజ్ యాప్ యాక్టివిటీ ఇఫ్ అన్‌యూజ్డ్' ఆపేయండి. నాలుగైదు నెలలు చక్కగా నడిచి ఉన్నట్టుండి ఒక్కరి లొకేషన్ మాత్రమే ఆగిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

హోమ్ జోన్, అంటే మ్యాప్‌లో ఇంటి చుట్టూ గీసిన వలయం, మామూలుగా 100 మీటర్ల రేడియస్‌తో వస్తుంది. దాన్ని 150 నుంచి 200 చేయండి. విజయవాడ మొగల్రాజపురంలో కొండ వారగా, పక్కపక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లున్న చోట, ఇంట్లో కూర్చున్న ఫోన్ చుక్క మ్యాప్‌లో పక్క వీధిలో తేలడం మామూలే. గుంటూరు బ్రాడీపేటలో 150 మీటర్లంటే పక్క లైనూ, అడ్డరోడ్డు మీద టిఫిన్ సెంటరూ కూడా ఇంట్లోకే వస్తాయి. రానివ్వండి, ఇడ్లీకని వెళ్లిన మనిషి కోసం ఇల్లు సర్దుకోవాల్సిన పనిలేదు. 100 కన్నా తక్కువ మాత్రం పెట్టొద్దు, ఐఫోన్‌లో అసలే నిలకడ ఉండదు.

లొకేషన్‌ని తరచూ పంపే హై అక్యురసీ మోడ్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే సాయంత్రానికి బ్యాటరీ ఉండదు. యాప్‌లోనే దాన్ని కారు బ్లూటూత్ కనెక్ట్ అయినప్పుడు మాత్రమే వెలిగేలా పెట్టుకోవచ్చు. అలా వాడితేనే దానికి అర్థముంది.

రెండూ కలిపితే

సెట్టింగ్స్‌లో పీపుల్ దగ్గర ఒక్కో మనిషికీ ఆ రెండు ట్రాకర్లనీ, అంటే వైఫైదీ యాప్‌దీ, జతచేయండి. హోమ్ అసిస్టెంట్ వీటిని తూచే వరస తెలిసి ఉండటం ముఖ్యం. రౌటర్, పింగ్, బ్లూటూత్ లాంటి కదలని ట్రాకర్లలో ఒక్కటి 'హోమ్' అన్నా మనిషి ఇంట్లో ఉన్నట్టే, జీపీఎస్ ఏం చెప్పినా పట్టించుకోదు. అవేవీ హోమ్ అనకపోతే అప్పుడు జీపీఎస్ మాట వింటుంది. జీపీఎస్ లేనేలేకపోతేనే వైఫై చెప్పే 'లేరు' చెల్లుతుంది.

అంటే, రెండూ జతచేశాక వైఫై ఒక్కటే ఎవర్నీ బయటికి పంపలేదు, జీపీఎస్ కూడా ఒప్పుకోవాలి. మనం మొదట అనుకున్నది ఇదే, వేరే లాజిక్ ఏమీ రాయకుండానే వచ్చేసింది. అర్ధరాత్రి ఏసీ ఆగే జబ్బు చాలావరకు ఇక్కడే నయమవుతుంది. ఫోన్ ఇంట్లో మర్చిపోయి వెళ్తే మనిషి ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తుంది, దానికి మందు లేదు. తప్పు ఆ వైపు జరిగితే పోయేది కాస్త కరెంటు బిల్లే.

ఆటోమేషన్ రాసేటప్పుడు ఒక్కొక్కరి మీద రాయకుండా జోన్ హోమ్ (అదే హోమ్ జోన్) మీద రాయండి. దాని విలువ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్యే. అది 1 కన్నా తగ్గి 10 నిమిషాలు అలాగే ఉంటే ఇల్లు ఖాళీ. ఆ పది నిమిషాల్లో హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయితే లెక్క పోతుంది, మళ్లీ మొదలవదు. అందుకని అరగంటకోసారి 'సున్నానా?' అని చూసే చిన్న ఆటోమేషన్ ఒకటి పక్కన ఉంచండి.

ఒకరి మీదే రాయాల్సి వస్తే 'హోమ్ నుంచి నాట్ హోమ్‌కి' అని రాయొద్దు, 'హోమ్ నుంచి వేరే దేనికైనా' అని రాయండి. ఆఫీసుకో, పక్క వీధిలో అమ్మ వాళ్లింటికో జోన్ పెట్టి ఉంటే మనిషి స్థితి ఆ జోన్ పేరవుతుంది, నాట్ హోమ్ అనేది అసలు రాకపోవచ్చు. వచ్చినప్పుడు నడిచే ఆటోమేషన్‌కి 'నాట్ హోమ్ నుంచి హోమ్‌కి' అని (అలాంటి జోన్లుంటే వాటి నుంచి కూడా) రెండు వైపులా రాయాలి. లేకపోతే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అందరూ అప్పుడే ఇంటికొచ్చినట్టు లైట్లు వెలుగుతాయి.

కరెంటు పోయినప్పుడు

హోమ్ అసిస్టెంట్ పెట్టె ఇన్వర్టర్ మీద ఉండి రౌటర్ మామూలు ప్లగ్గులో ఉందంటే, కరెంటు పోయిన ప్రతిసారీ వైఫై లెక్కలో ఇంట్లోవాళ్లంతా ఒకేసారి మాయమవుతారు. రౌటర్ కూడా ఇన్వర్టర్ మీదే ఉన్నా కొన్ని ఇళ్లలో అది రీబూట్ అవుతుంది. ఇన్వర్టర్ వెనకాల మీట నార్మల్ మీద ఉంటే మారడానికి పట్టే ఆ లిప్తపాటు కూడా రౌటర్ ఓర్చుకోదు. దాన్ని యూపీఎస్ మోడ్‌కి మార్చండి.

అన్నిటికన్నా మంచి మందు 12 వోల్టుల మినీ యూపీఎస్. అడాప్టర్‌కీ రౌటర్‌కీ మధ్య కూర్చుంటుంది. కొనేముందు అడాప్టర్ మీద రాసింది చదవండి: వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతో అంతకన్నా ఎక్కువో ఉండాలి. ఫైబర్ డబ్బా, రౌటర్ వేర్వేరైతే రెండిటి ఆంపియర్లూ కూడి చూసుకోవాలి. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్-అవర్లు. 12 వోల్టులకి పెంచడంలో కొంత పోయి 30 దాకా మిగులుతాయి. 8 వాట్లు తాగే రౌటర్‌కి మూడున్నర గంటలు పైచిలుకు వస్తుంది. 12 వోల్టుల దగ్గర 10,000 అనుకుని పదిహేను గంటలు నడుస్తుందని ఆశపడొద్దు.

దీనితో పాటు ఒక కాపలా కండిషన్: పింగ్ ఇంటిగ్రేషన్‌లోనే రౌటర్ ఐపీని కూడా కలిపి, గత 15 నిమిషాలుగా రౌటర్ ఆగకుండా పలుకుతుంటేనే 'ఇల్లు ఖాళీ' ఆటోమేషన్ నడవాలని పెట్టండి.

ఫోన్ లేనివాళ్లు

అమ్మమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంటుంది, పనమ్మాయి ఫోన్ మన వైఫైలో ఉండదు, పెళ్లికొచ్చిన చుట్టాలు వారం ఉంటారు. జోన్ హోమ్ సున్నా అయినంత మాత్రాన ఇల్లు ఖాళీ కాదు. చుట్టాల కోసం 'అతిథులున్నారు' అని ఒక టోగుల్ పెట్టండి, అది ఆన్‌లో ఉన్నంతసేపూ వెళ్లే ఆటోమేషన్లేవీ నడవకూడదు. అమ్మమ్మ కోసం వీధి తలుపుకి డోర్ సెన్సర్, లోపల మోషన్ సెన్సర్ కావాలి. తలుపు మూసిన నిమిషం తర్వాత లోపల కదలిక కనిపిస్తే ఎవరో ఉన్నారు, మళ్లీ తలుపు తెరిచేదాకా ఆ మాట మారదు. తలుపు వేసి ఉండగా మనిషి గోడల్లోంచి పోరు కదా. ఒక్క చిక్కేమిటంటే, పనమ్మాయి వెళ్లి తలుపు మూసినప్పుడు అమ్మమ్మ మధ్యాహ్నం కునుకులో ఉంటే కదలిక ఉండదు. అందుకని అలాంటి ఇంట్లో పది నిమిషాల బదులు గంట ఆగండి.

ఏ మోషన్ సెన్సర్ కొనాలన్నది మన ఎండలకి తేలిగ్గా తేలే విషయం కాదు. పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడాని చూస్తుంది. ఏసీ లేని హాల్లో 37 డిగ్రీలున్నప్పుడు ఆ తేడా దాదాపు ఉండదు, మనిషి ఎదురుగా నడిచినా కొన్నిసార్లు పట్టుకోదు. బల్లి దాని అద్దం మీద పాకితే మాత్రం ఠక్కున పట్టుకుంటుంది. ఎల్‌డీ2410 లాంటి రాడార్ సెన్సర్‌కి ఎండతో పనిలేదు గానీ తిరిగే సీలింగ్ ఫ్యాన్‌ని మనిషనుకుంటుంది. గోడకి నాలుగడుగుల ఎత్తున, ఫ్యాన్ వైపు చూడకుండా బిగించి, దూరాల వారీగా సెన్సిటివిటీ తగ్గించుకుంటూ రావాలి. ఓపిక కావాలి.

బ్లూటూత్

వైఫై, జీపీఎస్ సరిగ్గా కుదిరిన ఇంటికి ఇది అక్కర్లేదని నా అభిప్రాయం. ఐఫోన్లు ఎక్కువున్న ఇంటికైతే పెట్టొచ్చు. ఈఎస్పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కొని, బ్లూటూత్ సంకేతాల్ని హోమ్ అసిస్టెంట్‌కి చేరవేసే బ్లూటూత్ ప్రాక్సీ ఫర్మ్‌వేర్ ఎక్కించి గుమ్మం దగ్గర ప్లగ్గులో పెడితే చాలు. కొనేటప్పుడు చూసుకోండి, ఈఎస్పీ8266కీ, ఈఎస్పీ32-ఎస్2కీ బ్లూటూత్ లేదు. ఐఫోన్ తన బ్లూటూత్ అడ్రస్‌ని పావుగంటకోసారి మారుస్తుంది కాబట్టి దాని ఐఆర్‌కే అనే తాళంచెవిని సంపాదించి ప్రైవేట్ బీఎల్ఈ (తక్కువ బ్యాటరీ తాగే బ్లూటూత్) డివైస్ ఇంటిగ్రేషన్‌కి ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో కంపానియన్ యాప్‌లోనే బీఎల్ఈ ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే ఐబీకన్‌గా, అంటే తన గుర్తుని ఎప్పటికప్పుడు ప్రసారం చేసే పరికరంగా, కనిపిస్తుంది.

రాత్రి పరీక్ష

అంతా అమర్చాక అసలు ఆటోమేషన్ ఆన్ చేయకుండా వారం ఊరికే వదిలేయండి. తర్వాత హిస్టరీలో ఒక్కో ట్రాకర్‌నీ విడివిడిగా తెరిచి, రాత్రి 12 నుంచి 5 వరకు మాత్రం చూడండి. ఆ వేళ అందరూ ఇంట్లోనే ఉన్నారని మనకి ఖాయంగా తెలుసు, కాబట్టి ఆ గంటల్లో కనిపించే ప్రతి 'నాట్ హోమ్' తప్పుడుదే. వాటిలో అన్నిటికన్నా పొడుగైనది ఎంతసేపుందో కొలిచి, దానికి ఒకటిన్నర రెట్లు సెకన్లని కన్సిడర్ హోమ్‌లో ఇప్పుడున్న అంకెకి కలపండి. జీపీఎస్ చుక్క రాత్రి ఎంత దూరం జరిగిందో చూసి జోన్ రేడియస్ కూడా అలాగే సరిచేసుకోవాలి.

దేనికి వాడాలి

వెళ్లాక గీజర్, ఏసీ, లైట్లు ఆపడానికి ఇది బాగా సరిపోతుంది. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు వెళ్లే ఆటోమేషన్లకి సెలవివ్వండి. సీలింగ్ ఫ్యాన్లని దీనికి కట్టొద్దు, తప్పు జరిగితే ముసలివాళ్లు ఉక్కపోతలో లేస్తారు, పొదుపయ్యేదీ ఏమంత లేదు. వీధి తాళం ఫోన్ రాగానే తెరుచుకునేలా అసలు పెట్టొద్దు. మ్యాక్ అడ్రస్‌ని ఎవరైనా నకలు చేయొచ్చు.

వచ్చేముందే ఏసీ వేయాలంటే హోమ్ జోన్ సరిపోదు. సెల్లార్‌లో బండి పెట్టి లిఫ్టెక్కేసరికి రెండు నిమిషాలే ఉంటుంది, మేలో గది చల్లబడటానికి కనీసం పావుగంట కావాలి. విజయవాడ నుంచి గుంటూరు, మంగళగిరి వైపు ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లకి కనకదుర్గ వారధి మీద 500 మీటర్ల జోన్ ఒకటి పెడితే సరిపోతుంది. పొద్దున వెళ్లేటప్పుడు కూడా అదే వారధి దాటుతారు కాబట్టి జోన్‌లో అడుగుపెట్టడం ఒక్కటే చాలదు. ప్రాక్సిమిటీ ఇంటిగ్రేషన్ కలిపితే ఫోన్ ఇంటి వైపు వస్తోందో దూరం పోతోందో చెబుతుంది. దాని టాలరెన్స్ (ఎంత జరిగితే కదలికగా లెక్కేయాలో ఆ దూరం) 1 మీటరుగా వస్తుంది, 50కి పెంచకపోతే సిగ్నల్ దగ్గర ఆగిన బండి కూడా ముందుకీ వెనక్కీ పోతున్నట్టు చూపిస్తుంది. ఐఫోన్ మొత్తం 20 జోన్లకి మించి కాపలా కాయలేదు కాబట్టి దారి పొడవునా జోన్లు నాటుకుంటూ పోకండి.